కూలి రేటు, గోధుమ ధర



కనీస వేతనాల చట్టం మాట ఎత్తగానే రచ్చబండ దగ్గర రెండు మాటలు వినబడతాయి. "గిట్టుబాటు కాని పంటమీద గిట్టుబాటు కూలి ఎక్కడనుంచి తెచ్చి ఇమ్మంటారండీ?" అని రైతు అడుగుతాడు. "పస్తుండి పని చెయ్యమంటారా బాబూ?" అని కూలివాడు అడుగుతాడు. రెండూ న్యాయమైన ప్రశ్నలే. అయితే ఇవి మన ఊళ్లోనే పుట్టినవి కావు. వంద యేళ్ల కిందట ఇంగ్లండులో ఇదే తగవు పార్లమెంటుకు ఎక్కింది. అక్కడ వ్యవసాయ కూలికి కనీసపు రేటు పెట్టారు, తీసివేశారు, మళ్లీ పెట్టారు. ఈ మూడూ ఏడేళ్లలో జరిగాయి. ఒకే చేనుకు ఎరువు వేసి, మాని, మళ్లీ వేసి చూచినట్లన్నమాట.

అది 1917. మొదటి ప్రపంచయుద్ధం నడుస్తున్నది. ఇంగ్లండు తినే గోధుమలో పెద్ద భాగం ఓడలమీద వచ్చేది. జర్మనీ జలాంతర్గాములు ఆ ఓడలను ముంచసాగినవి. పచ్చికబీళ్లు దున్ని గోధుమ వెయ్యండని ప్రభుత్వం రైతులను కోరింది. రైతులు ఊరకే ఒప్పుకోలేదు. 1870ల తర్వాత అమెరికా గోధుమ వచ్చిపడి ధర కూలిన సంగతి వారు మరచిపోలేదు. యుద్ధం ఆగితే మళ్లీ అదే గతి గదా అన్నారు.

అప్పుడు ధాన్యోత్పత్తి చట్టం చేశారు. మూడు ముళ్లు వేసిన చట్టమది. గోధుమ ధర క్వార్టరుకు, అంటే మన లెక్కన రెండు క్వింటాళ్ల పైచిలుకుకు, 1917లో 60 షిల్లింగులకు దిగితే తేడా సర్కారు భరిస్తుంది. 1918, 1919లకు 55 షిల్లింగులు, ఆ తర్వాత మూడేళ్లకు 45. ఇది మొదటి ముడి. దానికి బదులు రైతు, ఒళ్లు వంచి పనిచేయగల మగకూలికి వారానికి 25 షిల్లింగులకు తక్కువ ఇవ్వరాదు. ఇది రెండోది. ఈ ధర చూపి భూస్వామి కౌలు పెంచరాదు. ఇది మూడోది. కూలి రేట్లు నిర్ణయించడానికి ఒక బోర్డు ఏర్పడింది. అందులో రైతుల ప్రతినిధులూ కూలీల ప్రతినిధులూ సమానం; వారిమధ్య ప్రభుత్వం వేసిన తటస్థులు.

సరకుల ధరలు పెరిగినకొద్దీ బోర్డు రేటు పెంచుతూ వచ్చి 1920 ఆగస్టుకు 46 షిల్లింగులు చేసింది. రైతులు గొణిగారుగాని ఇచ్చారు. ఏమంటే అప్పుడు గోధుమ 80 షిల్లింగులు పలుకుతున్నది.

1920లోనే మరో చట్టం చేసి ధర హామీని కొనసాగించారు. తీసివేయదలిస్తే నాలుగేళ్ల ముందు చెప్పాలని అందులో వ్రాసుకొన్నారు కూడా. 1921లో ధర పడింది. భారం ఖజానామీద పడబోతున్నదని తెలియగానే, వ్రాసుకొన్న మాట నీటిమీద వ్రాతయింది. ఆ యేడే హామీ రద్దు చేశారు. రైతులకు ఆ ఒక్క పంటకు ఎకరానికి ఇంత అని పరిహారం ముట్టింది. అక్కడి రైతులు దీనికి "మహాద్రోహం" అని పేరు పెట్టుకొన్నారు. కాని నన్నడిగితే కూలివాడికి జరిగినది అంతకన్న పెద్దది. రైతుకు హామీ పోయింది గనుక కూలికీ పోవాలని వేతనాల బోర్డును ఎత్తివేశారు. అతడికి పరిహారం లేదు. రెండేళ్లు తిరిగేసరికి నార్‌ఫోక్‌లో వారపు కూలి మళ్లీ 25 షిల్లింగుల దగ్గరకు వచ్చింది. 1923లో అక్కడ పెద్ద సమ్మె జరిగింది.

1924లో లేబర్ పార్టీ ప్రభుత్వం వచ్చి కూలి చట్టాన్ని తిరిగి పెట్టింది. జిల్లాకొక సంఘం రేటు నిర్ణయిస్తుంది. ధర హామీ మాత్రం తిరిగి రాలేదు. గోధుమకు అది 1932 దాకా ఆగవలసివచ్చింది. అంచేత కూలి రేటు ఒక్కటే ఒంటరిగా నిలిస్తే ఏమవుతుందో చూడవచ్చు. గవర్స్, హాటన్ అనే ఇద్దరు ఆర్థిక చరిత్రకారులు 1997లో ఈ లెక్క తీశారు. చట్టంవల్ల కూలి 1920ల చివర 15 శాతం, 1930లలో 20 శాతానికి పైగా పెరిగింది. పని మాత్రం 1929 నాటికి 54 వేల మందికి, 1937 నాటికి 97 వేల మందికి తగ్గింది. పనిలో ఉన్నవారి కుటుంబాలు చాలా పేదరికంనుంచి బయటపడ్డాయి. రైతుల ఆదాయానికి గట్టిగా కోత పడింది. పని పోయిన వ్యవసాయ కూలికి నిరుద్యోగ బీమా సైతం 1936 దాకా లేదు.

మన సంగతికి వద్దాం. 1948 కనీస వేతనాల చట్టం పట్టికలో రెండవ భాగమంతా వ్యవసాయమే. రేట్లు నిర్ణయించే గడువు మాత్రం పలుమార్లు పొడిగిస్తూ పోయారు. పంట ధరలు చూచే వ్యవసాయ ధరల సంఘం 1965లోగాని ఏర్పడలేదు. ఇంగ్లండువారు ఒక్కసారి వేసిన ముళ్లకు మన దగ్గర 17 ఏళ్ల ఎడం వచ్చిందన్నమాట.

రేటు కట్టాలంటే ముందు ఉన్న కూలి తెలియాలి గదా. 1950-51లో దేశమంతటా విచారణ జరిపితే మగకూలికి రోజుకు సగటున 109 పైసలని తేలింది. 1956-57లో రెండో విచారణ చేస్తే అది 96 పైసలు. స్త్రీలకు 68 నుంచి 59. కూలి తగ్గిందని గగ్గోలు పుట్టింది. కాని ఇందులో ఒక మెలిక ఉన్నది. మన కోతల కూలి గింజల్లో కొలిచేది. ఆ గింజలకు మొదటి విచారణలో చిల్లర ధర కట్టారు, రెండోదానిలో టోకు ధర. కుంచం అదే, లెక్క మారింది. గింజ కూలిలో మరో గుణం ఉన్నది: ధర పడితే రైతుకు భారం దానంతటదే తగ్గుతుంది. ఆ నష్టం కూలివాడి గిన్నెలో పడుతుంది, అది వేరే మాట. 1948 చట్టం నగదు కూలినే కోరినా, ఆచారం ఉన్నచోట ప్రభుత్వం అనుమతిస్తే గింజ కూలికి చోటిచ్చింది.

కూలి పెరిగితే పని తగ్గితీరుతుందా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోనే దీనికి మరో జవాబు దొరికింది. ఉపాధి హామీ కూలి డబ్బు సరిగా చేతికందేటట్లు వేలిముద్రల కార్డులు కొన్ని మండలాలలో ముందు, కొన్నిటిలో వెనుక ఇచ్చి, ఆ తేడాను పరిశోధకులు గమనించారు. ఫలితాలు 2023లో అచ్చయినవి. కార్డులు ముందు వచ్చినచోట పేద కుటుంబాల రాబడి 14 శాతం పెరిగింది. అందులో అధికభాగం ఉపాధి పనినుంచి రాలేదు, బయటి పనులనుంచే వచ్చింది. బయటి కూలి రేటూ పెరిగింది, పనీ పెరిగింది. భూమి కొద్దిమంది చేతిలో ఉన్న ఊళ్లలో పని మరీ పెరిగింది.

విడ్డూరంగా ఉన్నా కారణం ఉన్నది. పనికి పిలిచేవారు ఇద్దరు ముగ్గురే అయినచోట, ఇంకో పదిమందిని పిలవాలంటే అందరికీ రేటు పెంచాలి. అందుకని తక్కువమందిని పిలిచి రేటును దిగువన ఉంచుతారు. కూలివాడికి వేరే పని దొరికి రేటు ఎలాగూ పెరిగిపోతే, మనుషులను తగ్గించి పిలిచినందువల్ల వారికి లాభముండదు. అయితే భూమిమీద మిగులు తగ్గిందని కూడా ఆ పరిశోధకులే తేల్చారు. పాతిక ఎకరాల ఆసామికి ఆ తగ్గుదల ఒక ఎత్తు, రెండెకరాలు కౌలుకు చేసేవాడికి ఒక ఎత్తు.