పార్క్ హాన్-వూ

పార్క్ హాన్-వూ దక్షిణ కొరియా వాహన పరిశ్రమ అధికారి, కియా మోటార్స్ పూర్వ అధ్యక్షుడు. ఆర్థిక విభాగం నుంచి ఎదిగిన ఆయన చెన్నై సమీపంలోని హ్యుందాయ్ మోటార్ ఇండియాకు 2012 వరకు మేనేజింగ్ డైరెక్టర్. చిన్నకారు ఇయాన్ ఆయన హయాంలోనే, 2011 అక్టోబరులో విడుదలైంది. 2014లో కియా అధ్యక్షుడయ్యారు.

ఆంధ్రప్రదేశ్‌కు సంబంధించి ఆయన పదవీకాలంలోని ముఖ్య ఘట్టం 2017 ఏప్రిల్ 27న రాష్ట్ర ప్రభుత్వంతో కుదిరిన ఒప్పందం. సుమారు 110 కోట్ల డాలర్ల పెట్టుబడితో, ఏటా 3 లక్షల కార్ల సామర్థ్యంతో పెనుకొండ దగ్గరి ఎర్రమంచి వద్ద 536 ఎకరాల్లో కర్మాగారం వెలిసింది. అప్పట్లో అది అనంతపురం జిల్లా. 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లా. వర్షాభావ ప్రాంతం కాబట్టి నీరే కీలకం: గొల్లపల్లి జలాశయం నుంచి కృష్ణా జలాలు అందించారు. దక్షిణాదిలో చెన్నై, బెంగళూరులకే పరిమితమనుకున్న కార్ల తయారీని రాయలసీమకు తెచ్చిన నిర్ణయమిది.

ప్రయోగాత్మక ఉత్పత్తి 2019 జనవరి 29న మొదలైంది. తొలి మోడల్ సెల్టోస్ అదే ఏడాది ఆగస్టు 22న మార్కెట్లోకి వచ్చింది. డిసెంబరు 5న లాంఛనంగా ప్రారంభోత్సవం జరిగింది. 2020 మార్చిలో సాంగ్ హో-సంగ్ ఆయన స్థానంలోకి వచ్చారు.