నీహారికకు తొలి ఛాయాచిత్రం

నీహారమంటే మంచు. నీహారిక అన్న పేరు దానినుండి పుట్టినదే. 1864లో విలియం హగ్గిన్స్ వర్ణపటాన్ని పరీక్షించి, వీటిలో కొన్ని చుక్కల గుంపులు కావనీ, స్వయంగా వెలిగే వాయురాశులనీ తేల్చాడు. వాటినే ఉద్గార నీహారికలంటున్నాము.

ఆర్ద్రా నక్షత్రమున్న ఓరియన్ మండలంలోని నీహారిక వీటిలో ప్రసిద్ధం. మనకు సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరం. పూర్వం పరిశీలకులు దానిని చేత్తో చిత్రించేవారు. ఒకరి బొమ్మ మరొకరి బొమ్మతో పొసగేది కాదు. మారినది నీహారికా, గీసిన చెయ్యా? ఈ తగవు తెగేది కాదు.

1880 సెప్టెంబరు 30న న్యూయార్కు సమీపాన హేస్టింగ్స్‌లో హెన్రీ డ్రేపర్ దానికి దారి చూపాడు. ఆయన వైద్యశాస్త్రం చదివినవాడు. 11 అంగుళాల కటకమున్న దూరదర్శినితో, 51 నిమిషాలపాటు వెలుగు సోకనిచ్చి, ఈ నీహారికను తొలిసారిగా ఛాయాచిత్రంలో బంధించాడు. పూర్వపు తడి ఫలకాలు అంతసేపు ఆరకుండా నిలిచేవి కావు. జెలటిన్ పూసిన పొడి ఫలకాలు వచ్చాకే ఇది సాధ్యమైంది. భూభ్రమణానికి తగినట్లు దూరదర్శినిని గడియారపు యంత్రం తిప్పుతూ ఉండాలి. 1882 మార్చిలో ఆయన 137 నిమిషాల చిత్రం తీశాడు. ఆ నవంబరులోనే, 45వ ఏట, కన్నుమూశాడు.

రెండు నెలలకే, 1883 జనవరిలో, లండను చెంత ఈలింగ్‌లో ఆండ్రూ కామన్ తన ఇంటి తోటలోని 36 అంగుళాల దర్పణంతో అదే నీహారికను చిత్రించాడు. ఆయన వృత్తిచేత పారిశుద్ధ్య ఇంజనీరు. ఆ ఫలకంపై కంటికి కానరాని చుక్కలు సైతం వెలిశాయి! కన్ను వెలుగును కూడబెట్టలేదు, ఫలకం కూడబెడుతుంది. నా దృష్టిలో అసలు విప్లవం ఇదే. చూపును మించిన సాక్ష్యం మనిషికి చిక్కింది.

డ్రేపర్ భార్య ఆనా భర్త పరిశోధనలలో తోడు నిలిచిన విదుషి. 1886లో హార్వర్డ్ వేధశాలకు ఆమె ఇవ్వనారంభించిన ధనంతోనే నక్షత్రాల వర్ణపటాలను వర్గీకరించిన హెన్రీ డ్రేపర్ పట్టిక రూపొందింది.

నేడు చిన్న దూరదర్శినీ, డిజిటల్ కెమెరా ఉన్న ఔత్సాహికుడు అనేక చిత్రాలను కంప్యూటరులో ఒకటిగా పేర్చి, హైడ్రోజన్ ఎరుపును ఇంటి డాబా మీదినుంచే పట్టగలడు. ఆనాటి ఇద్దరికీ ఈ పని జీతమిచ్చే కొలువు కాదు. మిత్రులారా, కూలి ఆశించక రాత్రులు మేలుకొని రాసుకునే మనకు వారు పరాయివారని నేననుకోను.