దొరకని రసీదు

ఇది గుంటూరు ప్లీడరు ఒకాయన పతనం. పేరు లా రిపోర్టుల్లో అచ్చయి ఉంది. నేను మళ్లీ రాయను. అరవై ఏళ్లుగా మోస్తున్న మచ్చ చాలు.

1951లో గుంటూరు మున్సిఫ్ కోర్టులో కొంత భూమి మీద దావా. వాదులందరికీ ఈయనే వకీలు. అక్కడ ఓడారు, అప్పీలుకెళ్లారు. భూమి ఎవరిదో తేలేలోపు అందులో పండిన పంట అమ్మిన సొమ్ము కోర్టులో డిపాజిట్ అయింది. అప్పీలు గెలిచారు. పోయిందనుకున్న పొలాన్ని తిరిగి ఇప్పించిన వకీలుకు పల్లెలో ఎంత మర్యాద దక్కుతుందో వేరే చెప్పక్కర్లేదు. ఆయన బతుకులో అంతకంటే మంచి రోజు ఉండి ఉండదు.

1954లో కోర్టు నుంచి కక్షిదారుల తరఫున దాదాపు 1,450 రూపాయలు ఆయనే తీసుకున్నాడు. ఇందులో తప్పేమీ లేదు, చేతిలో వకాల్తా ఉంది. కథ చెడింది ఆ తర్వాత. డబ్బు మాకు చేరలేదని కక్షిదారులు ఫిర్యాదు చేశారు. ఇచ్చేశాను, రసీదు కూడా పుచ్చుకున్నాను అన్నాడాయన. మరి రసీదేదీ? కేసు కాగితాలు తిరిగి అప్పగించినప్పుడు ఆ కట్టలో వాళ్లకే వెళ్లిపోయిందట!

ఈ జవాబు దగ్గరే మనసు చివుక్కుమంటుంది. చిన్న కాగితం ముక్కైనా పారేయొద్దని వచ్చినవాడికల్లా చెప్పే వృత్తి ఆయనది. తన పరువు కాపాడే ఒకే ఒక్క కాగితాన్ని ఎదుటివాళ్ల చేతిలో పెట్టి పంపానంటే ఎవరు నమ్ముతారు? హైకోర్టు నమ్మలేదు. అయిదేళ్లు ప్రాక్టీసు చేయకూడదంది. ఆయన సుప్రీంకోర్టుకు వెళ్లాడు. పంట డబ్బు తగాదా సమానత్వపు హక్కు దాకా పాకింది. 1963 ఏప్రిల్‌లో అక్కడా ఓడిపోయాడు. ఎవరూ జైలుకు పంపలేదు. తేలాల్సింది నేరం కాదు, నల్లకోటుకు ఈయన తగునా తగడా అన్నదే. అయినా ప్లీడరుకు అయిదేళ్లు కోర్టు గడప తొక్కొద్దనడమంటే ఏమిటో ఊహించండి: బోర్డు దించాలి, గుమాస్తాను పంపేయాలి, ఉన్న క్లయింట్లను పక్క వకీలుకు అప్పజెప్పాలి.

ఆ తీర్పు రాసినవారు జస్టిస్ రాజగోపాల అయ్యంగార్. తొమ్మిది నెలలకు, 1964 జనవరిలో, కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసు తీర్పూ ఆయనే రాశారు. ముఖ్యమంత్రి మీద ఆరోపణలొస్తే స్వయంగా అఫిడవిట్ వేసి కాదనలేదేమని కోర్టు తప్పుపట్టింది. గద్దె దిగమని మాత్రం అనలేదు. సుప్రీంకోర్టు దాకా పోరాడిన ప్లీడరులా కాక, ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి ఆ ఒక్క వ్యాఖ్యకే రాజీనామా చేశారు. హైదరాబాద్‌లో మా ఎస్.ఆర్. నగర్‌కు (సంజీవరెడ్డి నగర్) పేరు ఆయనదే. రోజూ ఆ పేరున్న స్టాపులో బస్సెక్కే మాలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

ఇప్పుడు ఈ వీధుల్లో అడుగడుక్కీ హాస్టలే, అమీర్‌పేట వైపు మళ్లితే కోచింగ్ బోర్డులే. ఈ హాస్టళ్ల పిల్లల్లో లా చదవబోయేవాళ్లూ ఉన్నారు. డిగ్రీ చేతికొచ్చాక వాళ్లు సన్నదు కోసం బార్ కౌన్సిల్‌కు వెళ్తారు. ఫీజు 750 రూపాయలు దాటకూడదని 2024లో సుప్రీంకోర్టు తేల్చింది. మంచిదే, పేదపిల్లలకు తలుపు తెరుచుకుంది. గుణం సంగతి? అడ్వొకేట్ల చట్టం 24ఏ సెక్షన్ నీతిమాలిన నేరంలో శిక్షపడినవాణ్ని ఆపుతుంది. విడుదలై రెండేళ్లయితే ఆ అడ్డూ తొలగిపోతుంది. ఇదెక్కడి లెక్క అని 2016లో సుప్రీంకోర్టే మందలించి, చట్టం మార్చే ఆలోచన చేయమంది. నన్నడిగితే, ఆ గడువు వృత్తికి అవమానం. అయితే ఒక మాట ఒప్పుకోవాలి: గుంటూరు ప్లీడరును గడప దగ్గర ఏ సెక్షనూ ఆపగలిగేది కాదు. సన్నదు తీసుకున్న రోజున ఆయన మీద వేలెత్తి చూపడానికి ఏముంది? పరాయి సొమ్ము చేతిలో పడ్డాకే ఆయనేమిటో తెలిసింది.

క్లయింటు సొమ్ము అందగానే ఆలస్యం లేకుండా అతనికి తెలియజేయాలని, లెక్క రాసి ఉంచాలని బార్ కౌన్సిల్ నిబంధనలు చెబుతున్నాయి. లాసెట్‌కు చదువుతున్న పిల్లలూ, సన్నదు తీసుకునేముందు ఆ గుంటూరు ప్లీడరు కేసు తీర్పు ఒకసారి చదవండి. ఏఐఆర్ 1964 సుప్రీంకోర్టు సంపుటం, 244వ పేజీ.