యాక్షన్ కామెడీలో కెమెరా, కూర్పు

కొట్లాటలు, ఛేజ్‌లు, దూకుళ్ల నుంచే నవ్వు పుట్టించే సినిమాను యాక్షన్ కామెడీ అంటారు. దెబ్బ నిజంగా తగిలిందనిపించాలి, అయినా చూసేవాళ్లు నవ్వాలి. నటుడి ఒడుపు ఒక్కటే ఇందుకు చాలదు. కెమెరా ఎంత దూరంలో ఉంది, షాట్ ఎక్కడ తెగింది అన్నవి కూడా నవ్వును నిర్ణయిస్తాయి.

దీనికి పునాది మూకీల కాలంలోనే పడింది. ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ (1928)లో ఇంటి ముందు గోడ మొత్తం బస్టర్ కీటన్ మీదికి కూలుతుంది. పై కిటికీ ఖాళీ సరిగ్గా అతను నిలబడ్డ చోటికే రావడంతో బతికిపోతాడు. గోడా మనిషీ ఒకే ఫ్రేమ్‌లో ఉండటమే ఆ దృశ్యానికి ప్రాణం. గోడను ఒక షాట్‌లో, మనిషిని మరో షాట్‌లో చూపించి ఉంటే ప్రమాదాన్ని ఎవరూ నమ్మేవారు కాదు, నవ్వూ వచ్చేది కాదు.

ఈ పద్ధతిని 1980లలో హాంకాంగ్‌లో జాకీ చాన్ పతాక స్థాయికి తీసుకెళ్లాడు. ‘ప్రాజెక్ట్ ఎ’ (1983)లో గడియార స్తంభం మీంచి పడే ఘట్టానికి స్ఫూర్తి హెరాల్డ్ లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్’ (1923). ఆ పతనాన్ని వేర్వేరు టేకులతో వెంటవెంటనే రెండుసార్లు చూపించారు. ‘పోలీస్ స్టోరీ’ (1985) పతాక సన్నివేశంలో షాపింగ్ మాల్‌లోని స్తంభాన్ని పట్టుకుని, విద్యుద్దీపాలను పగలగొట్టుకుంటూ అతను కిందికి జారిన సాహసం మూడు కోణాల్లో మూడుసార్లు వస్తుంది. కథ ఒక్క క్షణం ఆగిపోయినా ఎవరికీ అభ్యంతరం ఉండదు, ఎందుకంటే అది నిజంగా చేసిన పని అని కన్ను గుర్తుపడుతుంది.

అతని కొట్లాటల్లో కెమెరా సాధారణంగా నిలకడగా ఉంటుంది, కదిలేది మనుషులే. దెబ్బ వేసినవాడూ తిన్నవాడూ ఒకే ఫ్రేమ్‌లో కనిపిస్తారు. కుర్చీనో నిచ్చెననో ఆయుధం చేసుకునే ముందే అది ఎక్కడుందో మనకు తెలుస్తుంది. కూర్పులో ఇంకో కిటుకు ఉంది. మొదటి షాట్‌లో దెబ్బ తగలడం చూపించి, దగ్గరి షాట్‌ను కొన్ని ఫ్రేములు వెనక్కి జరిపి మొదలుపెడతారు. లెక్కకు అదే క్షణం రెండుసార్లు వచ్చినా, చూసేవాళ్లకు ఒకే దెబ్బ రెట్టింపు బలంతో తగిలినట్టు ఉంటుంది. తగిలే క్షణంలోనే కట్ చేసి, కెమెరాను ఊపేస్తే హడావిడి మిగులుతుంది కానీ దెబ్బ మిగలదు. ఇప్పటి భారీ సినిమాల ఫైట్లు చాలావరకు ఇక్కడే ఓడిపోతున్నాయి.

లయ కూడా అంతే ముఖ్యం. చాన్ చిన్నప్పుడు పెకింగ్ ఒపెరా బడిలో శిక్షణ పొందాడు. నాలుగైదు దెబ్బల వడి, ఆపైన ఒక ఆగుడు, మళ్లీ వడి: ఇదీ అతని ఫైట్ల వరస. ఆగిన చోటే అతను నొప్పితో చెయ్యి విదిలించుకుంటాడు, నవ్వు అక్కడే పేలుతుంది. ఎడిటర్ ఆ ఆగుడును కత్తిరిస్తే ఫైట్ మిగులుతుంది, కామెడీ పోతుంది. సెకనుకు 24 కంటే తక్కువ ఫ్రేములతో తీసి, మామూలు వేగంతో ప్రదర్శిస్తే కదలికలు చురుకెక్కుతాయి. మూకీల నుంచీ ఉన్న ఈ ఉపాయాన్ని హాంకాంగ్ ఫైట్లలోనూ వాడారు.

కూర్పే హాస్యమైన సందర్భాలూ ఉన్నాయి. దర్శకుడు ఎడ్గార్ రైట్ తీసిన ‘హాట్ ఫజ్’ (2007)లో పోలీసులు కాగితాలు నింపడం లాంటి చప్పటి పనులను సైతం మెరుపు క్లోజప్పులతో, పెద్ద శబ్దాలతో ఫైట్ సీన్ లాగా కట్ చేశారు.

తెలుగులో ఎస్.ఎస్.రాజమౌళి ‘మర్యాద రామన్న’ (2010)కు మూలస్ఫూర్తి కీటన్ చిత్రం ‘అవర్ హాస్పిటాలిటీ’ (1923). పగవాళ్ల ఇంట్లో ఉన్నంతసేపూ హీరో అతిథి, గడప దాటితే శత్రువు. కాబట్టి గడపకు అతను ఎంత దూరంలో ఉన్నాడో ప్రేక్షకుడికి ఎప్పుడూ తెలుస్తూ ఉండాలి. ఇదే దర్శకుడి ‘ఈగ’ (2012)లో కె.కె.సెంథిల్ కుమార్ కెమెరా, కోటగిరి వెంకటేశ్వరరావు కూర్పు షాట్ల మధ్య దూరంతోనే నవ్వించాయి. దగ్గరి షాట్‌లో ఈగ పగబట్టిన వీరుడు. దూరపు షాట్‌లోకి వెళ్లగానే అది దాదాపు కనిపించదు, గాలితో కుస్తీ పడుతున్న విలన్ సుదీప్ ఒక్కడే మిగులుతాడు.