వజ్రాల గ్రహం కాదట

నేను యాంగోన్‌లో తామ్వేలో ఉంటున్నాను, పని కంప్యూటర్ కన్సల్టెంటుగా. ఇక్కడ కరెంటు పోయిన రాత్రి మేడెక్కితే ఒక లాభం ఉంది, చుక్కలు కనిపిస్తాయి. యాంగోన్‌దీ కాకినాడదీ దాదాపు ఒకటే అక్షాంశం. కాబట్టి ఒకప్పుడు కోరంగి రేవులో ఓడెక్కి వచ్చిన మనవాళ్ళు ఇక్కడ చూసిందీ తమ ఊరి ఆకాశమే.

ఆమధ్య మా పాపకి బ్రహ్మహృదయ నక్షత్రం చూపించి, "ఆ చుక్కల గుంపులోనే వజ్రాల గ్రహం ఉందమ్మా" అన్నాను. తర్వాత చదివితే నేను చెప్పింది తప్పని తేలింది. ఇవాళ ఆ కథే.

గ్రహం పేరు వాస్ప్-12బి. 2008లో ప్రకటించారు. దూరం సుమారు 1,400 కాంతి సంవత్సరాలు. తన నక్షత్రాన్ని ఎంతగా ఒరుసుకుని తిరుగుతుందంటే, 26 గంటలకే దానికి ఏడాది! పగటివైపు వేడి 2,500 డిగ్రీల పైమాటే.

అంత వేడిలో కర్బనం, ఆక్సిజన్ జోడీ కట్టి కార్బన్ మోనాక్సైడ్ అయిపోతాయి. ఆ బంధం మహా గట్టిది. జోడీ దొరకక ఏది మిగిలిందన్నదే అసలు ప్రశ్న. ఆక్సిజన్ మిగిలితే నీటి ఆవిరి. కర్బనం మిగిలితే మీథేన్, ఎసిటిలీన్, హైడ్రోజన్ సయనైడ్. మన సూర్యుడిలో సుమారు రెండు ఆక్సిజన్లకు ఒక కర్బనం.

గ్రహపు వెలుగు నుంచి వెనక్కి లెక్కగట్టి వాయువుల పాళ్ళు రాబట్టే పద్ధతిని నిక్కు మధుసూదన్, సారా సీగర్ 2009లో ప్రచురించారు. 2010 డిసెంబరులో మధుసూదన్ బృందం ఈ గ్రహంలో కర్బనమే ఎక్కువని 'నేచర్' పత్రికలో రాసింది. వార్తలు దాన్ని వజ్రాల దాకా లాక్కెళ్ళాయి. 2012లో రవికుమార్ కొప్పరపు, జేమ్స్ కాస్టింగ్, కెవిన్ జాన్లే నక్షత్రకాంతి అణువులను విరగ్గొట్టే తీరునూ కలిపి నమూనా కట్టారు. (ఈ పేర్లు వింటే మీ చెవులూ నిక్కబొడుచుకునే ఉంటాయి.)

అదే ఏడాది ఇయాన్ క్రాస్‌ఫీల్డ్ బృందం చిక్కు ఎక్కడుందో చూపింది. పక్కనే ఉన్న మసక నక్షత్రం వెలుగు కొలతల్లో కలిసిపోయిందట! దాన్ని తీసేస్తే కర్బనం వాదనకు బలం తగ్గిపోయింది. 2015లో లారా క్రైడ్‌బర్గ్ బృందం హబుల్ టెలిస్కోపుతో అక్కడ నీటి ఆవిరినే పట్టుకుంది. కర్బనం ఆక్సిజన్ని మించలేదు.

మా వృత్తిలో ఇది రోజూ చూసేదే. ప్రోగ్రాం బాగానే ఉంటుంది, లోపలికెళ్ళిన లెక్కల్లో పక్కింటివాళ్ళ బిల్లు కలిసి ఉంటుంది. కొప్పరపు గారి బృందం కర్బనం ఎక్కువైతే ఎలా, సూర్యుడిలా ఉంటే ఎలా అని రెండు విధాలా లెక్క కట్టింది కనుక ఆ శ్రమ వృథా పోలేదు. నాకు నచ్చిందదే.

పాపకి మళ్ళీ చెప్పాను. "పోనీలే నాన్నా, నీళ్ళున్నాయిగా" అంది. ఆ వేడికి ఆవిరేనమ్మా అంటుండగా కరెంటొచ్చింది. ఉంటానండీ.