హీలియం హార్డ్ డిస్కులు: లాభనష్టాలు

కంప్యూటర్ హార్డ్ డిస్కులో గాలికి బదులు హీలియం వాయువును నింపి, పెట్టెను పూర్తిగా మూసివేసిన రకాన్ని హీలియం డ్రైవు అంటారు. ఈ తరగతిలో తొలి వాణిజ్య డ్రైవును హెచ్‌జీఎస్‌టీ సంస్థ 2013 నవంబరులో విడుదల చేసింది. దాని సామర్థ్యం 6 టెరాబైట్లు.

హీలియం చరిత్రకు తెలుగు నేలతో సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ గుంటూరు నుండి, మద్రాసు వేధశాలకు చెందిన పాగ్సన్ మచిలీపట్నం నుండి పరిశీలించారు. సూర్యజ్వాలల వర్ణపటంలో కనిపించిన ఒక పసుపు గీత కొత్త మూలకానిదని తరువాత తేలింది. భూమిపై ఈ వాయువును 1895లో రామ్సే గుర్తించారు.

గాలితో చిక్కు ఏమిటి?

హార్డ్ డిస్కులోని గుండ్రని పలకలు నిమిషానికి 7,200 సార్లు తిరుగుతాయి. అప్పుడు పలక అంచు వేగం గంటకు 125 కిలోమీటర్లు దాటుతుంది. సమాచారాన్ని చదివే హెడ్ పలకను తాకదు. కొద్ది నానోమీటర్ల ఎత్తున వాయుపొరపై తేలుతుంది. కావున లోపల శూన్యం ఉంచుట సాధ్యం కాదు. అయితే గాలి సుడులు తిరిగి పలకలను అదిలిస్తుంది, మోటారుకు భారమవుతుంది.

హీలియం సాంద్రత గాలిలో దాదాపు ఏడవ వంతు మాత్రమే. అందువలన అదురు తగ్గుతుంది. పలకలను పలుచగా చేసి దగ్గరగా పేర్చవచ్చు. అంతవరకు అదే పరిమాణపు డ్రైవులలో సాధారణంగా ఐదు పలకలుండగా, తొలి హీలియం డ్రైవులో ఏడు అమరాయి. 2024 నాటికి 11 పలకలతో 32 టెరాబైట్ల డ్రైవు వచ్చింది. హీలియం ఉష్ణాన్ని గాలి కంటే సుమారు ఆరు రెట్లు బాగా ప్రసరింపజేస్తుంది. విద్యుత్ వాడకమూ తగ్గుతుంది. హైడ్రోజన్ మరింత తేలికైనదే గాని మండే స్వభావం గలది, హీలియం జడవాయువు.

చెల్లించవలసిన మూల్యం

సాధారణ డ్రైవుకు వడపోత గల చిన్న శ్వాసరంధ్రం ఉంటుంది. లోపలి, బయటి పీడనాలు దాని ద్వారా సమానమవుతాయి. హీలియం డ్రైవుకు ఆ రంధ్రం ఉండరాదు. హీలియం పరమాణువు అతి సూక్ష్మం; సాధారణ రబ్బరు సీలు దానిని ఏళ్ల తరబడి ఆపలేదు. కావున మూతను లేజరుతో అతికిస్తారు. విద్యుత్ తీగలు లోనికి వెళ్ళే చోటును సైతం వాయువు పోకుండా మూయాలి. ఈ పనులన్నీ ఖర్చును పెంచుతాయి. హీలియంలో అణువులు ఒకదానినొకటి ఢీకొనక సాగే సగటు దూరం గాలిలో కంటే దాదాపు మూడింతలు. ఫలితంగా తేలుటకు ఊతం తగ్గుతుంది. హెడ్ అడుగు భాగపు ఆకృతిని ఇందుకు తగినట్లు మార్చవలసి వచ్చింది.

వాయువు తగ్గినదీ లేనిదీ తెలుసుకొనుటకు కొన్ని డ్రైవుల స్వీయపరీక్షా పట్టికలో 22వ అంశంగా హీలియం మట్టం కనిపిస్తుంది. అది పడిపోతే డ్రైవు మార్చుకొనుటే మార్గం. ఇంటివద్ద తిరిగి నింపుట కుదరదు.

ఎవరికి తగినది?

వేలాది డ్రైవులు రేయింబవళ్ళు నడిచే డేటా సెంటర్లకు ఇది చక్కగా సరిపోతుంది. అక్కడ స్థలం, విద్యుత్తు, చల్లదనం మూడింటికీ వెల ఉంది. ఒక డ్రైవు పోయినా నకళ్ళు వేరొకచోట ఉంటాయి.

ఉమ్రి, ధర్మాబాద్ వంటి పట్టణాలలో పెళ్ళి వీడియోలు భద్రపరచే స్టూడియోల పరిస్థితి వేరు. చెడిన సాధారణ డ్రైవును ధూళిలేని గదిలో తెరచి సమాచారం తీసేవారు పెద్ద నగరాలలో ఉన్నారు. హీలియం డ్రైవును తెరచిన వెంటనే వాయువు పోతుంది. హెడ్ సరిగా తేలదు. తిరిగి నింపి పనిచేయించుటకు ప్రత్యేక పరికరాలు కావాలి, వ్యయం పెరుగుతుంది. పైగా ఒక్క డ్రైవులో పదేళ్ల పని పట్టుట వలన నష్టమూ ఒక్కసారే కలుగుతుంది.

కావున పెద్ద డ్రైవు కొనేవారు ఒకదానితో సరిపెట్టుకొనరాదు. అదే సమాచారం రెండవ డ్రైవులో, వీలైతే మరొక ఊరిలో ఉంచుట అవసరం. రెండు పెద్దవాటికి సొమ్ము చాలనప్పుడు, ఒక్క హీలియం డ్రైవు కంటే రెండు చిన్న సాధారణ డ్రైవులలో జంట నకళ్ళు ఉంచుటే క్షేమం.