నుంగంబాకము వేధశాలాస్తంభము

చెన్నపురియందలి నుంగంబాకమున, వాతావరణశాఖవారి యావరణములో, కొండరాతి స్తంభ మొకటి నిలిచియున్నది. దాని యెత్తు సుమారు 15 అడుగులు, బరువు 10 టన్నులు. లాటిను, తమిళము మొదలగు భాషలతోఁబాటు మన తెలుఁగునందును దానిపై శాసనము చెక్కఁబడినది. దేవాలయస్తంభముల శాసనములను మన మెంత శ్రద్ధతోఁ జదువుదుమో దీనిని నంత శ్రద్ధతోఁ జదువవలసియున్నది.

దీనిని నెలకొల్పినవాఁడు మైకేల్ టాపింగు. కృష్ణామండలవాసుల కీతఁడు బొత్తిగాఁ బరాయివాఁడు కాఁడు. కృష్ణా గోదావరుల ప్రాంతములను గొలిచినవాఁడు. 1796లో బందరునందే మృతినొందెను. విలియం పెట్రీ యను కుంపిణీయుద్యోగి 1786లో ఎగ్మూరునఁ దన స్వంతమునకుఁ గూర్చుకొన్న దూరదర్శినులు, గడియారములు నీవేధశాలకు మూలధనమైనవి. 1792లోఁ గుంపిణీవారు నుంగంబాకమున మందిరమును గట్టించిరి.

రాతికింత బరువేల? దాని తలపై, యామ్యోత్తరవృత్తమునందు మాత్రమే తిరుగు చిన్న దూరదర్శిని యుండెడిది. నక్షత్ర మావృత్తమును దాఁటు క్షణమును గడియారమునఁ జూచి వ్రాసికొనుచుండిరి. ఆధార మించుక కదలినను క్షణము తప్పును. యంత్రశబ్దము నియమనార్థకమగు యమ్ ధాతువునుండి పుట్టినది గదా. చూపు నొక్క వృత్తమునకే నియమించు నీపరికరమున కాపేరు మిక్కిలి తగును.

ఆసియాఖండమున గణితశాస్త్రములను ఆంగ్లేయుల యౌదార్యమే తొలుత నాటెనని వేయేండ్ల తరువాతివారును దెలిసికొనవలెనని దీనిని నిలిపిరఁట. ఈమాట నిలువదు. శకవర్షము 1072లో, అనఁగా క్రీస్తుశకము 1150లో, భాస్కరాచార్యుఁడు సిద్ధాంతశిరోమణిని రచించి, యంత్రాధ్యాయమున శంకు ఘటీ ఫలకాదులను వర్ణించి, తుదకు బుద్ధియే యుత్తమయంత్రమనెను. సవాయి జయసింహుని రాతియంత్రములు టాపింగునకు అర్ధశతాబ్దికిఁ బూర్వమే యాకాశమును గొలుచుచుండెను.

అయినను మనవారి పక్షమునను లోపము కలదు. పంచాంగకర్తలు పెక్కండ్రు గ్రంథగణితమును గైకొని, ఆకాశమును జూచుట మానిరి. ఈలోపమును దీర్పఁబూనినవాఁడు ఆవేధశాలయందే పనిచేసిన చింతామణి రఘునాథాచార్యులు. ఈయన 1867లో ఆర్ రెటిక్యులి యను, కాంతి మాఱుచుండు నక్షత్రమును గనుఁగొనెను, దృగ్గణితపంచాంగమును బ్రకటించెను. స్తంభమును నాటినవారికంటె, దానిచెంత నిలిచి సిద్ధాంతమును కంటితోఁ బరీక్షించిన యీపండితుఁడే నాకు ముఖ్యుఁడుగాఁ దోఁచుచున్నాఁడు. రెండు పంచాంగములు ఏకాదశిని రెండు దినములఁ జూపినపుడు మన యూళ్లలో నేఁటికిని బుట్టు వివాద మాయన యెత్తిన ప్రశ్నయే.

1899లో ఖగోళపరిశీలనము కొడైకెనాలునకు మాఱెను. జాన్ షెల్టన్ నిర్మించిన పాతగడియారమును అచ్చటికే చేరినది. వేధశాలాచరిత్రను దెలిసికొనఁగోరువారు చూడఁదగిన వస్తు విది. నుంగంబాకపు స్తంభము మాత్రము యంత్రమును గోలుపోయి శాసనముతో మిగిలినది. ఆ తెలుఁగు పాఠమునకు ఛాయాప్రతిని దీసి, లాటిను పాఠముతోఁ బదమునకుఁ బదము పోల్చి, ఖగోళశాస్త్రపుమాటలను నాఁటి లేఖకుఁ డెట్లు తెనిఁగించెనో పరిశోధకులు నిరూపింపవలెను.